నాలుగో స్టేజ్ గాల్‌బ్లాడర్ క్యాన్సర్: లివర్‌కి పాకిన మచ్చలు ఆపరేషన్ చేసి తీసేయొచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇదే సమస్యతో తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలని ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మగారికి 58 ఏళ్లు, గాల్‌బ్లాడర్ క్యాన్సర్. మొదట్లో కామెర్లు, చలిజ్వరం వస్తే పిత్తనాళంలో స్టెంట్ వేశారు. అప్పటి స్కాన్‌లో లివర్‌లో రెండు మచ్చలు, బృహద్ధమని పక్కన ఒక లింఫ్ గ్రంథి కనిపించాయి. జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు, వాటితో పాటు ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి మళ్లించే మందు) కలిపి ఆరు సైకిళ్లు అయ్యాయి. కొత్త స్కాన్‌లో ఒక మచ్చ కనపడటం లేదు, రెండోది సగానికి తగ్గింది. సర్జన్ గారు "ఇప్పుడు మొత్తం తీసేయొచ్చు" అన్నారు. కీమో ఇస్తున్న డాక్టర్ గారు "నాలుగో స్టేజ్‌లో సర్జరీ వద్దు" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో అందరికీ నిద్ర లేదని రాశారు.

ఇరవై ఏళ్లకు పైగా లివర్, పిత్తనాళాల సర్జరీలే చేస్తున్నాను. స్కాన్లు చూడకుండా ఖాయంగా చెప్పడం సరికాదు, కానీ మీరు రాసినదాన్ని బట్టి నా అభిప్రాయం ఇది: ఇవాళ ఆపరేషన్‌కి ఒప్పుకోకండి, అలాగని ఆ తలుపు మూసేయకండి. మందు ఇంకా పనిచేస్తోంది. మిగతా సైకిళ్లు పూర్తి చేసి, ఇంకో స్కాన్ చూసి, ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లూ కలిసి కూర్చుని నిర్ణయించాలి. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న. లివర్‌లో కనిపించిన ఆ మచ్చల్లో ఏదో ఒకదాని నుంచి ముక్క తీసి పరీక్ష చేశారా? మీరు పంపిన వివరాల్లో గాల్‌బ్లాడర్ గడ్డ బయాప్సీ గురించే ఉంది. మీ అమ్మగారికి అప్పుడు కామెర్లతో పాటు చలిజ్వరం కూడా ఉంది. పిత్తనాళం మూసుకుపోయి పైత్యరసం నిలవ ఉండి ఇన్ఫెక్షన్ సోకితే లివర్‌లో చిన్నచిన్న చీముగడ్డలు వస్తాయి. స్కాన్‌లో అవి అచ్చం పాకిన క్యాన్సర్ మచ్చల్లాగే కనిపిస్తాయి. స్టెంట్ వేసి, యాంటీబయాటిక్స్ ఇస్తే మాయమవుతాయి. అదే సమయంలో కీమో కూడా మొదలై ఉంటుంది కాబట్టి, అందరూ కీమో వల్లే పోయిందనుకుంటారు. పెట్ స్కాన్ కూడా ఇక్కడ పొరపడుతుంది, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఉన్న చోటూ అలాగే వెలుగుతుంది. మీ అమ్మగారి విషయంలో అదే జరిగిందని నేను అనడం లేదు. కానీ మాయమైన మచ్చ చీముగడ్డ అయితే లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే మిగిలిన మచ్చకి సూది వేసి పరీక్ష చేయించడం సాధ్యమేమో అడగండి.

ఇక రెండో విషయం, ఆ మచ్చలు లివర్‌లో ఎక్కడున్నాయి? నాలుగో స్టేజ్ అనే ఒక్క మాట కింద చాలా రకాల పరిస్థితులు ఉంటాయి. గాల్‌బ్లాడర్ లివర్‌ కింది వైపు ఒక గుంటలో అతుక్కుని ఉంటుంది. దాని గోడ చాలా పల్చన. పేగుల గోడలో ఉండే ఒక పొర దీనికి అసలు లేదు. దాని చిన్న సిరలు నేరుగా పక్కనున్న లివర్ భాగాల్లోకి, అంటే మేం 4బి, 5 అని పిలిచే భాగాల్లోకి వెళ్తాయి. అందువల్ల గడ్డకి ఆనుకుని పక్కనే ఉన్న మచ్చ వేరు, లివర్ అవతలి చివర కనిపించే మచ్చ వేరు. మొదటిది ఆ పక్క ఇంటి దాకా వెళ్లిన వ్యాధి. రెండోది రక్తంలో పడి తిరిగి, దూరంగా వచ్చి నాటుకున్న వ్యాధి. గడ్డ నేరుగా లివర్‌లోకి పెరిగితే దాన్ని అసలు మెటాస్టాసిస్ (దూరానికి పాకడం) అనరు. రిపోర్టులో "సెగ్మెంట్" అని పక్కన అంకె ఉంటుంది, చూడండి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది లివర్ మచ్చలు కాదు, బృహద్ధమని పక్కనున్న గ్రంథి. పిత్తనాళం వెంబడి ఉండే గ్రంథుల్లో వ్యాధి ఉంటే వాటిని గాల్‌బ్లాడర్‌తో పాటు తీసేస్తాం. అది ఆ ఆపరేషన్‌లో భాగమే. కానీ బృహద్ధమనికీ మహాసిరకీ మధ్య ఉండే గ్రంథుల దాకా పాకితే దాన్ని దూరవ్యాప్తిగానే లెక్కిస్తారు. అది లివర్ మచ్చ కంటే చిన్న విషయం ఏమీ కాదు. మా దగ్గర పెద్ద కోత మొదలుపెట్టే ముందే ఆ గ్రంథిని తీసి ల్యాబ్‌కి పంపుతాం. దాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, మైక్రోస్కోప్ కింద చూసి అప్పటికప్పుడు చెప్తారు. దీన్నే ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. ఆ అరగంట థియేటర్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఫోన్ మోగుతుంది. "పాజిటివ్" అంటే ఎక్కువ సందర్భాల్లో అక్కడే ఆపేసి కుట్లు వేసేస్తాం. బయట ఎదురుచూస్తున్న కుటుంబానికి "ఇంత త్వరగా అయిపోయిందా" అనిపిస్తుంది. ఆ మాట వాళ్లకి చెప్పడం చాలా కష్టం, కానీ లివర్ సగం తీసేశాక చెప్పడం కంటే నయం.

ఇంకొకటి ఏ స్కాన్‌లోనూ సరిగా కనిపించదు. కడుపు లోపలి పొర మీద పడిన వ్యాధి. మొదట బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి కెమెరా లోపలికి పంపి చూస్తాం. లివర్ నున్నగా మెరుస్తూ ఉంటుంది, గడ్డ కూడా తగ్గినట్టే ఉంటుంది. కెమెరా మెల్లగా డయాఫ్రమ్ వైపు తిప్పితే పొర మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి గింజలు. ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్లు. అంతకుముందు తీసిన సీటీ, పెట్ స్కాన్లు రెండూ వాటిని చూపించి ఉండవు. ఆపరేషన్ చేయొచ్చని స్కాన్‌లో అనిపించిన గాల్‌బ్లాడర్ క్యాన్సర్ రోగుల్లో సుమారు ఐదో వంతు మందికి ఈ కెమెరా పరీక్షలోనే దాగి ఉన్న వ్యాప్తి బయటపడుతుంది. మీ అమ్మగారికి ఎప్పుడైనా ఆపరేషన్ అనుకుంటే, ఈ కెమెరా పరీక్ష (లాప్రోస్కోపీ) చేయకుండా నేరుగా కడుపు తెరుస్తామంటే ఒప్పుకోవద్దు.

మీరు రాసిన ఇంకో మాటకి జవాబు చెప్పాలి. "మా బాబాయికి పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకితే ఆపరేషన్ చేశారు, ఇప్పుడు బాగున్నారు, అమ్మకి ఎందుకు చేయరు?" ఇది దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది, న్యాయమైన ప్రశ్న. పెద్దపేగు నుంచి వచ్చే రక్తమంతా ముందు లివర్‌లోకే వెళ్తుంది. లివర్ వడపోత గుడ్డలాగా ఆ రక్తంలోని క్యాన్సర్ కణాల్ని పట్టుకుంటుంది. అందువల్ల కొందరిలో వ్యాధి నిజంగానే లివర్ వరకే ఆగిపోతుంది. ఆ మచ్చలు పూర్తిగా తీసేస్తే సుమారు పది మందిలో నలుగురు ఐదేళ్లు దాటుతున్నారు. పిత్తనాళం, గాల్‌బ్లాడర్ క్యాన్సర్ల నడక అలా ఉండదు. అవి లింఫ్ దారిలో, నరాల తొడుగుల వెంబడి, పొర మీదుగా, రక్తంలో, అన్ని దారుల్లోనూ ఒకేసారి వెళ్తాయి. లివర్‌లో కనిపించే ఒక్క మచ్చ ఎక్కువసార్లు కనపడని వాటికి గుర్తు మాత్రమే. కత్తి కనిపించిన దాన్నే తీయగలదు.

అయితే పత్రికల్లో వచ్చే పరిశోధనల మాటేమిటి? లివర్‌కో, దూరపు గ్రంథులకో పాకిన వాళ్లకి కీమో తర్వాత ఆపరేషన్ చేస్తే, చేయని వాళ్లకంటే చాలా ఎక్కువకాలం బతికారని రాసిన వ్యాసాలు ఉన్నాయి. మీ సర్జన్ గారు మీకు ఏదైనా వ్యాసం చూపించి ఉంటే, అది అలాంటిదే అయ్యుంటుంది. అవి అబద్ధాలు కావు. కానీ అవన్నీ వెనక్కి తిరిగి ఫైళ్లు చూసి రాసినవి. చీటీ వేసి రోగుల్ని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి ఆపరేషన్, ఇంకో గుంపుకి మందులు మాత్రమే ఇచ్చి, ఈ క్యాన్సర్లలో ఆపరేషన్ గెలిచిందని చూపించిన పరిశోధన ఇప్పటిదాకా లేదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చెప్తాను. ఒకే రోజు ఇద్దరికి నాలుగో స్టేజ్ అని తేలిందనుకోండి. ఇద్దరికీ ఒకే కీమో. మొదటి వ్యక్తికి మూడో నెలలోనే కొత్త మచ్చలు వచ్చాయి, ఆరో నెలకి మంచం పట్టారు. ఆయనకి ఆపరేషన్ ఎవరూ చేయరు. ఆయన "మందులు మాత్రమే" గుంపులో పడతారు. రెండో వ్యక్తికి మచ్చలు తగ్గుతూ వచ్చాయి, ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేశారు, రెండున్నరేళ్లు బతికారు. ఆయన "ఆపరేషన్" గుంపు. లెక్క వేస్తే ఆపరేషన్ రెండేళ్లు కలిపినట్టు కనిపిస్తుంది. కానీ ఆ రెండో వ్యక్తి ఆపరేషన్ బల్ల దాకా రావాలంటేనే ముందు ఎనిమిది నెలలు బాగుండాలి. ఆయన వ్యాధి మొదటి నుంచీ నెమ్మదైనది. ఆపరేషన్ లేకపోయినా ఎంతకాలం ఉండేవారో ఆ వ్యాసం చెప్పలేదు.

పక్క అవయవంలో ఈ పరీక్ష నిజంగానే జరిగింది. జపాన్, కొరియా డాక్టర్లు కలిసి జీర్ణాశయం క్యాన్సర్ కొద్దిగా పాకినవాళ్ల మీద చేసిన రెగట్టా అనే ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. ముందు జీర్ణాశయం తీసేసి తర్వాత కీమో ఇచ్చినవాళ్లలో రెండేళ్లకి 25.1% మంది బతికి ఉంటే, కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో 31.7% మంది ఉన్నారు. అంటే ఆపరేషన్ వల్ల మేలు జరగలేదు. అందులో ముందే ఆపరేషన్ చేశారు, పాకిన మచ్చల్ని తీయలేదు, కాబట్టి అది మీ అమ్మగారి పరిస్థితికి యథాతథంగా వర్తించదు. కానీ వెనక్కి చూసి రాసిన వ్యాసాలు ఎంత ఆశ చూపించినా అసలు పరీక్షలో ఏమవుతుందో చెప్పలేమని అది నాకు నేర్పింది.

మరి సర్జన్ గారి మాటలో బలమేమీ లేదా అంటే, ఉంది. పదిహేనేళ్ల క్రితం ఈ ప్రశ్న అరుదుగా వచ్చేది. 2010లో ఏబీసీ-02 ట్రయల్ జెమ్‌సిటాబిన్‌కి సిస్‌ప్లాటిన్ కలిపితే సగటు ఆయుష్షు 8.1 నెలల నుంచి 11.7 నెలలకి పెరుగుతుందని చూపించింది. దాదాపు పన్నెండేళ్లు అక్కడే ఆగిపోయాం. 2022లో టోపాజ్-1 ట్రయల్‌లో ఆ కీమోకి డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ కలిపారు, మరుసటి ఏడాది కీనోట్-966లో పెంబ్రోలిజుమాబ్ కలిపారు. సగటు పెరిగింది ఒకటి రెండు నెలలే. చూసి చాలామంది పెదవి విరిచారు. నేను చూసేది సగటుని కాదు, తోకని. టోపాజ్-1లో ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మంది రెండేళ్ల తర్వాత కూడా ఉన్నారు. కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో అది సుమారు పదో వంతు. అంటే కొద్దిమందిలో మందు వ్యాధిని చాలాకాలం అణిచిపెడుతోంది. అలా అణిగినవాళ్లలో మిగిలిన ఒక్క మచ్చని తీసేస్తే ఏమవుతుందన్నది ఇవాళ నిజాయితీగా అడగాల్సిన ప్రశ్న. మీ సర్జన్ గారు అడుగుతున్నది అదే. నా అభ్యంతరం ఆయన ప్రశ్న మీద కాదు, సమయం మీద.

సమయం గురించి నాకింత పట్టుదల ఎందుకంటే, ఒకసారి తొందరపడ్డాను. ఈ పనిలోకి వచ్చిన తొలి ఏళ్లలో ఒకాయన, యాభై దాటిన మనిషి, లివర్‌లో ఒకే ఒక్క మచ్చ. మూడు సైకిళ్లు కాగానే అది సగానికి తగ్గింది. కుటుంబం ఒత్తిడి చేసింది, నాకూ ఉత్సాహం. ఆపరేషన్ చేశాను. అంచులన్నీ శుభ్రంగా వచ్చాయి, రిపోర్టు చూసి సంతోషించాం. తర్వాత కోసిన చోట నుంచి పైత్యరసం కారడం మొదలైంది. డ్రెయిన్ గొట్టం అలాగే ఉంచాల్సి వచ్చింది, జ్వరం, మళ్లీ అడ్మిషన్. ఆయన కీమో తీసుకునేంత కోలుకునేసరికి పదకొండు వారాలు గడిచాయి. అప్పుడు తీసిన స్కాన్‌లో మిగిలిన లివర్ నిండా మచ్చలే. ఇంకో మూడు నెలలు ఆగి ఉంటే అవి ఆపరేషన్‌కి ముందే బయటపడేవి, ఆయనకి ఆ కోత తప్పేది. ఆ డ్రెయిన్ సంచి పట్టుకుని ఆయన వరండాలో నడిచిన నడక నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఆపరేషన్ ఖరీదు రోజుల్లో లెక్క వేయమంటాను. ముందు మూడు నాలుగు వారాలు, తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు, అదీ అంతా సవ్యంగా జరిగితేనే, మందు ఆగిపోతుంది. పనిచేస్తున్న మందుని రెండు మూడు నెలలు ఆపడం చిన్న విషయం కాదు. పైగా మీ అమ్మగారికి కామెర్లతో మొదలైంది. గాల్‌బ్లాడర్ క్యాన్సర్‌లో కామెర్లు వచ్చాయంటే, రాయి లాంటి వేరే కారణం లేకపోతే, వ్యాధి పిత్తనాళం దాకా వచ్చిందని అర్థం. అప్పుడు గాల్‌బ్లాడర్, దాని పక్క లివర్ ముక్క తీస్తే సరిపోదు. పిత్తనాళం, చాలాసార్లు లివర్ కుడి భాగమంతా తీసి, మిగిలిన నాళాల్ని పేగుకి కలపాలి. అలాంటి పెద్ద లివర్ సర్జరీల్లో, బాగా అనుభవమున్న చోట్ల కూడా, వందలో ఐదుగురో అంతకంటే ఎక్కువమందో ఆపరేషన్ సమస్యలతోనే చనిపోతారు. మిగిలే లివర్ ఎంతన్నది ముందే కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే నాలుగో వంతు మిగిలినా చాలు. చాలా సైకిళ్ల కీమో పడ్డ లివర్‌కి కనీసం 30% కావాలి. "మొత్తం తీసేయొచ్చు" అన్న మాటలో "మొత్తం" అంటే ఏమేం అని కాగితం మీద బొమ్మ గీసి చూపించమని సర్జన్ గారిని అడగండి. ఏ మంచి సర్జనూ దానికి విసుక్కోరు.

మరి ఎవరికి చేస్తాం? చేసినవాళ్లు ఉన్నారు. ఒకావిడకి పిత్తనాళం కింది భాగంలో క్యాన్సర్, పెద్ద ఆపరేషన్ చేసి పూర్తిగా తీశాం. రెండున్నరేళ్ల తర్వాత ఊపిరితిత్తిలో ఒకే ఒక్క గింజ కనపడింది. వెంటనే తీయలేదు. మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేశాం. ఆ గింజ కొంచెం పెరిగింది, కొత్తవి ఏమీ రాలేదు. అప్పుడు ఛాతీ సర్జన్ దాన్ని తీశారు. ఆవిడ ఇప్పటికీ ప్రతి చెకప్‌కీ వస్తారు. ఆవిడకి ఎందుకు కుదిరిందో చూడండి. అసలు గడ్డ ఎప్పుడో పోయింది. మధ్యలో చాలా కాలం గడిచింది. మచ్చ ఒక్కటే, అదీ తేలిగ్గా తీయగలిగే చోట. మీ అమ్మగారికి అసలు గడ్డా, మచ్చలూ, గ్రంథీ ఒకేసారి బయటపడ్డాయి. ఈ రెండు పరిస్థితులకీ ఒకే జవాబు ఉండదు.

ఒకేసారి బయటపడినవాళ్లలో నేను ఆపరేషన్ గురించి మాట్లాడటం మొదలుపెట్టేది కనీసం ఆరు నెలల మందు తర్వాత. అప్పటికి వరుసగా రెండు స్కాన్లలో వ్యాధి తగ్గో, కదలకుండానో ఉండాలి, ఎక్కడా కొత్తది రాకూడదు. దూరపు గ్రంథి మామూలు సైజుకి రావాలి. రక్తంలో సీఏ 19-9 అనే క్యాన్సర్ గుర్తు దిగి, దిగిన చోటే ఉండాలి. ఈ రక్తపరీక్ష గురించి ఒక జాగ్రత్త: కామెర్లు ఉన్నప్పుడు అది క్యాన్సర్‌తో సంబంధం లేకుండా కూడా పెరుగుతుంది. స్టెంట్ వేశాక తగ్గితే అది కీమో గొప్పతనం అనుకోకూడదు. బిలిరుబిన్ (కామెర్లని కొలిచే అంకె) మామూలయ్యాక వచ్చిన అంకె నుంచే లెక్క మొదలుపెట్టండి. కొందరి శరీరం పుట్టుకతోనే దాన్ని తయారు చేయదు, వాళ్లలో సున్నాకి దగ్గరగా ఉన్నా ధైర్యపడటానికి లేదు. వీటన్నిటితో పాటు మనిషి తన పని తాను చేసుకుంటూ, తింటూ, బరువు నిలబెట్టుకుంటూ ఉండాలి. ఇవన్నీ కుదిరితే కెమెరా పరీక్ష, గ్రంథి ఫ్రోజెన్ సెక్షన్, ఆ తర్వాతే అసలు కోత.

మాయమైన మచ్చ గురించి ఇంకో మాట. అది చీముగడ్డ కాక క్యాన్సరే అయితే, స్కాన్‌లో కనపడకపోవడం అంటే లేదని కాదు. పెద్దపేగు క్యాన్సర్ మచ్చల్లో ఇది బాగా చూశాం. మాయమైన చోట కోసి చూస్తే చాలాసార్లు బతికున్న కణాలు దొరికాయి. అందుకని సీటీ మీద ఆధారపడకుండా లివర్‌కి ప్రత్యేకమైన కాంట్రాస్ట్ ఇచ్చి ఎంఆర్ఐ చేయించండి. ఆపరేషన్ అంటూ చేస్తే, ఆ చోటుని కూడా తీస్తారా, వదిలేస్తారా అని అడగండి. కనిపించే ఒక్క మచ్చని తీసి, కనపడని దాన్ని వదిలేసే ఆపరేషన్‌కి అర్థం లేదు.

కోత ఒక్కటే దారి కూడా కాదు. మిగిలిన మచ్చ మూడు సెంటీమీటర్ల లోపు ఉండి పెద్ద రక్తనాళాలకీ, పిత్తనాళాలకీ దూరంగా ఉంటే సూదితో వేడి పెట్టి కాల్చేయొచ్చు. మైక్రోవేవ్ అబ్లేషన్ అంటారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు, కీమోకి పెద్దగా విరామం ఉండదు. గ్రంథి ఒక్కటే మొండిగా ఉంటే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ ఉంది. వీటికీ ఈ క్యాన్సర్‌లో గట్టి రుజువు లేదు, కానీ పోగొట్టుకునేది తక్కువ. ఊగిసలాటలో ఉన్నప్పుడు నేను ముందు వీటి వైపే చూస్తాను.

పిత్తనాళం క్యాన్సర్ వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకి రెండు మాటలు. లివర్ లోపలి పిత్తనాళాల్లో పుట్టే క్యాన్సర్‌లో అసలు గడ్డ పక్కన చిన్న గడ్డలు ఉంటే, స్టేజింగ్ పద్ధతి ప్రకారం అది నాలుగో స్టేజ్ కాదు. వాటిని చూసి ఎవరైనా "పాకిపోయింది, ఇక లాభం లేదు" అంటే లివర్ సర్జన్‌తో ఇంకో అభిప్రాయం తప్పక తీసుకోండి. లివర్ మార్పిడి గురించి కూడా తరచూ అడుగుతారు. అది లివర్ ముఖద్వారం దగ్గర పుట్టి, మూడు సెంటీమీటర్లు దాటకుండా, ఆపరేషన్‌తో తీయలేని చోట ఉండి, గ్రంథులకి కానీ ఇంకెక్కడికి కానీ పాకని క్యాన్సర్‌కి, ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి చేసేది. పాకిన వ్యాధికి కాదు. ఇటీవల లివర్ మార్పిడితో మంచి ఫలితాలు చూపించిన ట్రాన్స్‌మెట్ పరిశోధన పెద్దపేగు క్యాన్సర్ వాళ్ల మీద జరిగింది.

రాళ్లకని గాల్‌బ్లాడర్ తీస్తే, తర్వాత రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చినవాళ్లు కొందరు ఆ ఆపరేషన్‌కి పొట్ట మీద పెట్టిన రంధ్రాల చోటు కూడా కోసి తీయించుకోవాలా అంటారు. ఒకప్పుడు తీసేవాళ్లం. దానివల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. ఆ చోట గడ్డ వచ్చిందంటే చాలాసార్లు లోపలి పొర మీద కూడా వ్యాధి ఉంటుంది.

మీరు అడగని ఒక విషయం ఆపరేషన్ కంటే ముఖ్యం కావచ్చు. బయాప్సీ ముక్క మీద జన్యుపరీక్ష చేశారా? గాల్‌బ్లాడర్ క్యాన్సర్‌లో చెప్పుకోదగ్గంత మందిలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది, దానికి మందులున్నాయి. లివర్ లోపలి పిత్తనాళాల క్యాన్సర్‌లో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 అనే జన్యువుల్లో మార్పులు చూస్తారు. ఎంఎస్ఐ అనే గుర్తు తక్కువమందిలోనే ఉంటుంది, ఉన్నవాళ్లలో ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఎక్కువ. ముక్క చిన్నదైతే ముందు ఏ పరీక్షలు చేయాలో డాక్టర్ గారితో మాట్లాడండి. కీమో పనిచేయడం మానేసిన రోజున పరుగెత్తడం కంటే ఇప్పుడే ఆ రిపోర్టు చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఇద్దరు డాక్టర్ల మధ్య మీరు సందేశాలు మోయకండి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పేటప్పుడు సగం మారిపోతుంది, టెన్షన్ మీకు మిగులుతుంది. ట్యూమర్ బోర్డులో కేసు పెట్టమని ఇద్దరినీ అడగండి. సర్జన్, కీమో డాక్టర్, రేడియాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్ ఒకే స్క్రీన్ మీద స్కాన్ చూసి మాట్లాడతారు. రిపోర్టు కాగితాలు చాలవు, మొదటి రోజు స్కాన్ నుంచి అన్నిటి సీడీలూ తీసుకెళ్లండి. కీమోకి ముందు ఆ మచ్చ ఎలా ఉండేదో చూడకుండా ఇప్పుడున్నదాన్ని ఎవరూ సరిగా అంచనా వేయలేరు. అమ్మగారిని కూడా ఆ గదిలోకి తీసుకెళ్లండి. ఆవిడకి "అల్సర్ అని చెప్పాం" అని రాశారు. అంత కీమో తీసుకున్న మనిషికి తెలియకుండా ఉండదు. లివర్ సగం తీసే ఆపరేషన్‌కి సంతకం ఆవిడ పెట్టాలి, రెండు నెలలు మంచంలో ఉండాల్సింది కూడా ఆవిడే. ఏం పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారో ఆవిడే చెప్పాలి.

ఈలోపు స్టెంట్‌ని మర్చిపోవద్దు. ప్లాస్టిక్ స్టెంట్ అయితే మూడు నెలలకోసారి మార్చాలి, లోహపుది అయినా మూసుకుపోవచ్చు. కీమో మధ్యలో వణుకుతో జ్వరం వచ్చినా, మూత్రం ముదురు పసుపుకి తిరిగినా, కళ్లు పచ్చబడినా పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామని ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, స్టెంట్ ఉందని, కీమో నడుస్తోందని డ్యూటీ డాక్టర్‌కి మొదటి మాటగానే చెప్పండి.